వస్తున్నా అన్నవాళ్ళు

మూడుసార్లు అడుగుతారు కదా, మూడోసారి అడిగేలోపు చెప్పేస్తే చాలు, ఇంకా టైముంది, అటా ఒడోయ్ తాత ఇంకా గొంతైనా సవరించుకోలేదు, చేతికర్ర పక్కన పెట్టి బల్ల మీది సారా సీసాను అటూ ఇటూ తిప్పి మూత బిగువు చూస్తున్నాడు, పెళ్ళిళ్ళలో పెద్దరికం చేసి చేసి ఆ పెద్దాయనకి అదే అలవాటైపోయింది, పెళ్ళికూతుర్ని అడిగినట్టే అడుగుతాడు, ఈ సీసా తీసుకోమంటావా అమ్మా అని, ఒకటి, రెండు, మూడు, మూడోసారి అజెలే ఆంటీ ఊఁ అందంటే సీసా ఇటు వచ్చేస్తుంది, కూడలిలో ఆమె కెంకే అమ్ముకునే చోటు అటు వెళ్ళిపోతుంది, లమిలే అనే పిల్లకి, ఆ తర్వాత వెనక్కి అడగడం ఎవరి తరమూ కాదు, ఇరవై రెండేళ్ళు ఆంటీ కూర్చున్న చోటు, అంతకుముందు వాళ్ళమ్మ కూర్చున్న చోటు, నా మూలంగా పోతోంది, నా చేతిరాత మూలంగా, ఒళ్ళో ఈ ఫైలు ఇంత బరువేమిటో, రెండువందల కాగితాలే కదా, చెమటకి మోకాళ్ళకి అతుక్కుంటోంది, నేనేమో సాక్షిని, సాక్షికని ప్రత్యేకంగా వేసిన కుర్చీలో, ఇస్త్రీ చేసిన గౌనులో, మంగళవారం వేటకి పోకూడదు కాబట్టి పడవలు సముద్రంలోకి వెళ్ళలేదు, ఆంటీ వాకిలి నిండా మగవాళ్ళే, అందరూ నన్ను చూసి తలాడిస్తున్నారు, షోర్మే లెక్క తీసిందట, చదువుకున్న పిల్ల అని.

లెక్క కావాలని అడిగింది ఆంటీయే, అది నిజమే, కానీ ఎంత చిన్న గొంతుతో అడిగిందో కూడా గుర్తుంది, వానాకాలం, మా అమ్మతో మాట్లాడటానికి వచ్చి గడపలో కూర్చుని ఎప్పటిలాగే కళ్ళు తుడుచుకుంటోంది, ఆమె కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, కెంకే కోసం పులిసిన మొక్కజొన్న పిండి ముద్దల్ని పొత్తు పొరల్లో చుట్టి, తెల్లారకముందే కుండకెత్తి, ఆ పొగలో ఇరవై రెండేళ్ళు కూర్చుంటే ఎవరి కళ్ళైనా అంతే, కళ్ళ డాక్టరు కట్టెల పొయ్యి మానేయమన్నాడట, మానేస్తే తినేదేంటి బాబూ అని ఈమె అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడట, అందుకని తనే ఆలోచించుకుంది, పొరలు లేకుండా గ్యాసు మీద ఆవిరికి ఉడికించి, చల్లార్చి, గుండ్రంగా ముక్కలు కోసి, మిరప పచ్చడి పొట్లంతో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మితే, ఆఫీసులవాళ్ళూ నర్సులూ చేతులకి అంటకుండా తింటారు కదా, కొంటారంటావా షోర్మే, నువ్వు మార్కెటింగ్ చదివావు, ఇలాంటిది ముందే తెలుసుకునే దారేదో ఉంటుంది కదా అంది, ఆ మాటతో నా వెన్ను నిటారుగా అయింది, డిప్లొమా వచ్చి పద్నాలుగు నెలలు, ఇంట్లో నీళ్ళు మోయడానికి తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, దాన్ని మార్కెట్ రీసెర్చ్ అంటారు ఆంటీ, దానికి డేటా ఉంటుంది, నేను వెతికి పెడతాను అన్నాను, డేటా అన్న మాటని ఆమె రుచి చూస్తున్నట్టు నోట్లోనే రెండుసార్లు అనుకుంది.

వెతికాను కూడా, ఆ సంగతిలో సిగ్గుపడేదేమీ లేదు, మూడు రోజులు నెట్ సెంటర్లో కూర్చున్నాను, ప్యాకెట్ తిండి మీద పెద్ద రిపోర్టు ఒకటి దొరికింది, ఆఫ్రికా మొత్తానికీ కలిపి ఒకటే గీత, పైకి పోతోంది, మొదటి రెండు పేజీలు ఊరికే చూడనిచ్చారు, మిగతావి చదవాలంటే డాలర్లు కట్టాలి, ఆ డబ్బుంటే ఆంటీ రెండో దుకాణమే తెరవచ్చు, తర్వాత గణాంకాల ఆఫీసుకి పోయాను, రేపు రా, ఎల్లుండి రా, చివరికి ఒక గుమాస్తా ముసలాయన దుమ్ము దులిపి ఒక పుస్తకం ఇచ్చాడు, అందులో మొక్కజొన్న బస్తా ధర ఉంది, గోధుమ రొట్టె ఉంది, డబ్బా పాలున్నాయి, కెంకే ఎక్కడా అని వెతికితే ఇతరములు అన్న వరుసలో ఉంది, రోజుకి రెండుసార్లు అదే తినే మేమందరం ఇతరములు, నా మొహం చూసి ఆ ముసలాయన, మీ టెషీలో ఎవరేం తింటారో ఈ పుస్తకంలో వెతుక్కుంటావేంటమ్మాయ్, టెషీకెళ్ళి వాళ్ళనే అడుగు, ఏమంటే అది రాసుకో అన్నాడు, ఏమంటే అది, సరిగ్గా ఆ మాటే అన్నాడు, అప్పుడు నాకది చదువులేని సలహాలాగా అనిపించింది.

అదిగో గొంతు సవరించుకున్నాడు అటా ఒడోయ్, చోటు గురించి చెబుతున్నాడు, బస్సులు ఆగే కూడలి, ఆంటీ వాళ్ళమ్మ పాతిన గొడుగు, లమిలే మంచి ఇంటి పిల్ల, కుండ కడగడం వచ్చిన పిల్ల అంటున్నాడు, అందరూ నవ్వారు, లమిలే కొత్త బట్ట కట్టుకొచ్చింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో ముడుచుకుంది, పాపం ఆ పిల్లకి కూడా నేను చేస్తున్నది అన్యాయమే, ఇప్పుడు చెబితే దాని చోటు పోతుంది, చెప్పకపోతే ఆంటీది పోతుంది, ముందే చెప్పి ఉంటే ఎవరిదీ పోయేది కాదు, మొదటిసారి అడిగేశాడు, అజెలే, కూడలి చోటుకి బదులుగా ఈ సీసా తెచ్చారు, తీసుకోమంటావా, ఆంటీ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, నా పెళ్ళిలో కూడా నన్నింత ముద్దుగా ఎవరూ అడగలేదు, ఇంకోసారి అడుగు తాతా, విని సంతోషిస్తాను అంది, మళ్ళీ నవ్వులు, నేనూ నవ్వాను, నా పళ్ళు నాకే పరాయిగా అనిపించాయి.

ఫారం నేనే తయారుచేశాను, దాని గురించి ఎంత గర్వపడ్డాననీ, వయసు, పని, వారానికి ఎన్నిసార్లు కెంకే తింటారు, పచ్చడితోనా చేపతోనా, పద్నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, ఈ డబ్బా కెంకే దుకాణంలోకి వస్తే కొంటారా, మొదట రాసినప్పుడు దాని కింద ఒక ఖాళీ గీత గీశాను, వాళ్ళు అన్న మాట రాయడానికని, ఆ గీత ఉంటే ఫారం రెండో పేజీలోకి పోతోంది, జిరాక్సు రెట్టింపవుతుంది, పైగా కాలేజీలో చెప్పారు, తెరిచి వదిలిన ప్రశ్న లెక్కకి లొంగదని, గీత తీసేసి రెండు గళ్ళు పెట్టాను, కొంటాను, కొనను, ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని మురిసిపోయాను, ఆంటీ చదువుకోలేదు కానీ గళ్ళు చూసి టిక్కులు లెక్కపెట్టగలదు, ఆమె కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి మనిషి బట్టలు కుట్టే అమ్మాయి, లాస్కల అనే బస్టాపు దగ్గర, మిషను ఆపి, ఆంటీ చేసిచ్చిన డబ్బాలోంచి ముక్క నోట్లో వేసుకుంది, ముందు వేలితో నొక్కి చూసింది, అందరూ అలాగే నొక్కారు, పొర మీదనుంచి బొటనవేలితో నొక్కి మెత్తదనం చూడందే కెంకే కొనని జాతి మాది, ఇందులో నొక్కడానికి ఏమీ లేక వేలు గాల్లో ఆగిపోయేది, బావుందక్కా, నిజంగా బావుంది అంది, మరి కొంటావా అన్నాను, చేతులు తుడుచుకుని, మిషను వైపు తిరిగి, వస్తున్నా అంది, అంతే, వస్తున్నా, మా ఊళ్ళో లేచి వెళ్ళిపోయే ప్రతి మనిషీ అనే మాట, పక్కింటికి పోయేవాడూ అదే అంటాడు, ఓడెక్కి దేశం దాటేవాడూ అదే అంటాడు, సరుకు చూసి, బేరమాడి, అమ్మేదాని మొహం మీద వద్దని అనలేక కింద పెట్టేసేవాళ్ళూ అదే అంటారు, అనడం మర్యాద, విన్నవాళ్ళు ఎదురుచూడకపోవడం మర్యాద, ఏడేళ్ళ పిల్లకి తెలుసు ఈ సంగతి, నాకు తెలియదా, నిజంగా వచ్చేవాళ్ళు ఎంత అని అడుగుతారు, దుకాణం ఎక్కడ అని అడుగుతారు, ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, నా పెన్సిలు రెండు గళ్ళ మధ్య కాసేపు నిలబడి కొంటాను గడిలో చిన్న టిక్కు పెట్టింది, పెన్సిలే కదా, తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

తర్వాత చూసుకోలేదు, ఆ సాయంత్రం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి, ఆంటీ నా కోసం చేప వేయించి ఉంచింది, ఎర్ర చేప, తల నాకే, బల్ల తుడిచి కుర్చీ వేసి, రా తల్లీ, ఎండలో తిరిగి వచ్చావు, ముందు తిను, తర్వాత చెబుదువు అంది, కానీ తినేదాకా ఆగలేకపోయింది, ఎంతమంది అంది, ఇరవై రెండుమందిని అడిగానాంటీ, పందొమ్మిదిమంది, అని ఆగాను, పందొమ్మిదిమంది అన్నది నిజమే, ఏమన్నారన్నదే మిగిలింది, వస్తున్నా అన్నారు అని నోటి దాకా వచ్చింది, ఆమె ఆ కారే కళ్ళు పెద్దవి చేసుకుని నా నోటి వైపే చూస్తోంది, కొంటామన్నారు అన్నాను, ఆమె చప్పట్లు కొట్టలేదు, అరవలేదు, నెమ్మదిగా కూర్చుని, పందొమ్మిదిమందా అని, నా ప్లేటులో ఇంకో చేప వేసింది, ఎవరూ బలవంతపెట్టలేదు నన్ను, డబ్బాశ కాదు, నాకు ఆ కుర్చీ కావలసి వచ్చింది, ఆ చేప తల కావలసి వచ్చింది, ఒక మనిషి నా నోటి వైపు అలా చూడటం కావలసి వచ్చింది, ఇంటికొచ్చి పెన్సిలు టిక్కుల మీద పెన్నుతో దిద్దాను, ఒక్కొక్కటీ, చక్కగా.

ఆ తర్వాత సులువైపోయింది, తొమ్మిది రోజులు, నర్సుల స్కూలు గేటు, చర్చి బయట, బస్సు స్టేషను, రెండువందలమంది, నిజంగా ఎంత, ఎక్కడ అని అడిగినవాళ్ళు ఇరవై ఆరు, మొహం మీదే వద్దన్నవాళ్ళు ముప్పై ఒకటి, వాళ్ళల్లో ఒక బస్సు డ్రైవరు, ఒంటిమీద గుడ్డ లేని కెంకేనా, దాన్ని అందరి ముందూ పట్టుకోవాలంటే నాకు సిగ్గేస్తుంది చెల్లెమ్మా, ముందు దానికో గుడ్డ చుట్టుకురా అన్నాడు, బస్సంతా నవ్వింది, ఆయన మీద నాకు ఎంత కోపమొచ్చిందో, ఇప్పుడనిపిస్తోంది ఆ తొమ్మిది రోజుల్లో నాతో మనసిచ్చి మాట్లాడింది ఆయనొక్కడే అని, మిగిలిన నూట నలభై మూడుమందీ వస్తున్నా, వస్తున్నా అక్కా, ఇప్పుడే వస్తున్నా, అందరినీ కొంటాను గడిలో కూర్చోబెట్టాను, రెండువందల్లో నూట అరవై తొమ్మిది ఆంటీ, వందకి ఎనభైమందికి పైనే అని చెప్పాను, ఆ మాట ఆమె చేపలమ్మే ఆడవాళ్ళకి చెప్పింది, చర్చిలో చెప్పింది, దుకాణం మాట్లాడుకుంది, గ్యాసు పొయ్యి తెచ్చుకుంది, ఇక పొగలో కూర్చునే పని లేదని లమిలేకి కబురు పంపింది, నేను పక్కనే ఉండి అన్నిటికీ తల ఊపాను.

రెండోసారి, అజెలే, రెండోసారి అడుగుతున్నాను, తీసుకోమంటావా అంటున్నాడు, ఆంటీ, ముందు సీసా ఎత్తి చూపించమను, కారే సీసా తెచ్చారేమో చూసుకోవాలిగా అంది, లమిలే మేనమామ లేచి రెండు చేతులతో ఎత్తి చూపించాడు, ఇప్పుడు చెప్పు షోర్మే, ఇప్పుడే, నిన్న ఎందుకు వెళ్ళాను లాస్కల దగ్గరికి, వెళ్ళకపోయినా తెలిసిందే కదా, అయినా ఎక్కడో చిన్న ఆశ, ఏమో, నిజంగానే వస్తుందేమో అని, ఆ కుట్టే అమ్మాయి మిషను ఆపి గుర్తుపట్టి నవ్వింది, నెలాఖరుకి దుకాణం తెరుస్తున్నాం, వస్తావా అన్నాను, ఆమె నవ్వు ఆగిపోయింది, నన్ను బయటి దేశం మనిషిని చూసినట్టు చూసి, వస్తున్నా అని చెప్పానుగా అక్కా, ఇంకెలా చెప్పమంటావు అంది, తప్పు నాదైనట్టు కాదు, నాకు మర్యాద తెలియనట్టు, ఒకసారి మర్యాదగా తప్పుకున్న మనిషిని వెంటబడి నిలదీసినట్టు, అక్కడే ఇసుకలో కూరుకుపోతే బావుండుననిపించింది, రాత్రంతా ఆంటీకి ఎలా చెప్పాలో వరసలు కట్టుకున్నాను, పొద్దున్నే వెళ్ళాను, ఆమె ఈ గౌను ఇస్త్రీ చేయించుకురమ్మంది, సాక్షి కుర్చీలో కూర్చోవాలిగా అంది, సరే ఆంటీ అన్నాను, వరసలన్నీ మింగేసి ఇస్త్రీకి పోయాను.

వాళ్ళమ్మ గొడుగు కూడా ఇచ్చేస్తోంది, గోడకి ఆనించి ఉంది, ఎరుపు వెలిసి గులాబీ రంగయింది, కర్రకి నల్లటి మసి, ఆ మసి ఎవరు కడుగుతారు, నాకు ఐదేళ్ళప్పుడు ఆ గొడుగు కింద నిలబడి ఉండగా ఒక లావుపాటి ఆవిడ కెంకేలన్నీ నొక్కి నొక్కి చూసి, వస్తున్నా అని వెళ్ళిపోయింది, ఆంటీ నా వైపు చూసి కన్నుగీటి, చూశావా, పోయింది, అంది, నవ్వి తర్వాతి మనిషికి మూత తీసింది, అవును, అన్నది, చూశావా, పోయింది అని, ఇరవై రెండేళ్ళు రోజుకి పాతికసార్లు ఆ మాట విన్న మనిషి, గొంతును బట్టి ఎవరు తిరిగొస్తారో ఎవరు రారో చెప్పగల మనిషి, మా టెషీలో ఆ మాటకి అర్థం ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు, నేను చేయవలసిందల్లా వాళ్ళు అన్న మాట అన్నట్టుగా ఆమె చెవిలో వేయడమే, లెక్క ఆమే కట్టుకునేది, క్షణంలో కట్టుకునేది, ఆమెకి తెలిసిన మాటని ఆమెకి తెలియని టిక్కుగా మార్చి, అదే చదువనుకుని, ఆమె చెవికి అడ్డం పెట్టాను, ఆ ముసలి గుమాస్తా చెప్పాడు, ఏమంటే అది రాసుకో అని.

అజెలే, మూడోసారి, ఇదే ఆఖరు, తీసుకోమంటావా, అంటున్నాడు, ఆంటీ లేచి నిలబడింది, బట్ట సర్దుకుని, నన్నడుగుతావేంటి తాతా, నా షోర్మేని అడుగు, కాగితాలు దాని దగ్గరున్నాయి, చెప్పు తల్లీ, ఎంతమంది, ఏమన్నారు, అందరూ వినేలా చెప్పు అంది, నా వైపు తిరిగింది, మళ్ళీ అదే చూపు, నా నోటి వైపు, నేను లేచాను, ఫైలు ఒళ్ళోంచి జారి ఇసుకలో పడింది, తీయలేదు, ఆంటీ, నూట నలభై మూడుమంది, అన్నాను, నూట అరవై తొమ్మిది కదే అంది ఆమె, కాదాంటీ, నూట నలభై మూడుమంది తిని, బావుందని, వస్తున్నా అన్నారు.

ఎవరికీ ఏమీ అర్థం కానట్టే అనిపించింది ఒక క్షణం, లమిలే మేనమామ అదేంటి అన్నట్టు చూశాడు, ఆంటీకి మాత్రం నేను ఆ మాట పూర్తిచేసే లోపే అర్థమైపోయింది, కనబడింది నాకు, వస్తున్నా అన్నారా అంది, ఊఁ, ఎవరైనా ఎంత అని అడిగారా, ఇరవై ఆరుగురాంటీ, ఎక్కడ అని అడిగారా, వాళ్ళే, మిగతావాళ్ళు ఏమీ అడగలేదు, మొదటి రోజునుంచీ ఇంతేనా అంది, ఇంతే ఆంటీ, నీకు తెలుసా, తెలుసు, అన్నాను, ఆమె అటా ఒడోయ్ వైపు తిరిగి, తాతా, వాళ్ళకి దండం చెప్పి సీసా ఇచ్చెయ్యి, అమ్మాయ్ లమిలే, తప్పు నాది, కోపం పెట్టుకోకు అంది, తప్పు నాది అంది, నాది అనే మాట నేను అనవలసింది కూడా ఆమే అనేసింది, గోడ దగ్గరికి వెళ్ళి గొడుగు అందుకుంది, మసి చేతికంటింది, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది, ఆమె కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, అది పొగో నేనో నాకెప్పటికీ తెలియదు, నేను ముందుకెళ్ళి, ఆంటీ, అన్నాను, ఆమె ఆగింది, తిట్టలేదు, తిడితే ఎంత బావుండేది, నన్ను ఎవరో దుకాణానికొచ్చిన మనిషిని చూసినట్టు ఎంతో మర్యాదగా చూసింది, కూర్చోమ్మా, వస్తున్నా అంది, అని లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు, నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను, ఎదురుచూడటం లేదు, ఆ మాటకి అర్థం నాకు తెలుసు, మొదటి రోజునుంచీ తెలుసు.